హద్దు లేదన్న మాట

దమారికి కాళ్ళు ఒకచోట నిలవవు. చిన్నప్పుడు బడిలో టీచరు ఆమెను తలుపు పక్క బల్ల మీద కూర్చోబెట్టేది, లేచి తిరిగినా మిగతా పిల్లలకు అడ్డం రాకుండా. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా అదే తీరు. పొద్దున్నే టీ కప్పుతో ఇంట్లోంచి బయల్దేరితే సముద్రపు కట్ట మీద ఆ చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, ఖాళీ కప్పుతో ఎవరి వంటింట్లోనో తేలుతుంది. జెగాయ్ దీవిలో ఆమె అలా కనిపించినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు, "ఏం దమారీ, ఇవాళ ఏ మాట కుట్టింది?" అని. ఆమెను తిప్పేవి మాటలేనని ఊరందరికీ తెలుసు.

దుకాణంలో మాట్లాడే ఇంగ్లీషు దీవిలో అందరికీ వచ్చు. ఆఫీసు ఇంగ్లీషు వేరు. ఆస్పత్రి గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేసిన దమారి దాన్ని డాక్టర్ల నోట్లోంచి ఏరుకుంది. ఒకసారి డాక్టరు నవ్వు మొహంతో 'నెగెటివ్' అన్నాడు. రక్తం చూపించుకోవడానికొచ్చిన ముసలాయన ఆ మాట విని మారు మాట్లాడకుండా లేచి, ఇంటికెళ్ళి, తన వలలు ఎవరెవరికి ఇవ్వాలో చెప్పడం మొదలుపెట్టాడు. దమారి చెప్పుల్లేకుండా పరిగెత్తి అతన్ని పట్టుకుంది. "రోగం లేదని దానర్థం తాతా!" అంటే, "మరి లేదని ఏడవొచ్చుగా, అంత పెద్ద మాటెందుకు?" అన్నాడాయన. అప్పటినుంచి ఆఫీసు వాళ్ళు ఎవరొచ్చినా పక్కన దమారి ఉండాల్సిందే. వాళ్ళన్నది దీవి భాషలో చెబుతుంది, దీవివాళ్ళన్నది వాళ్ళకు చెబుతుంది. ఎక్కడైనా మాట సరిగ్గా కుదరకపోతే నాలుగు రోజులు అన్నం సహించదు.

ఆ ఏడు ఆగ్నేయపు గాలి తగ్గుముఖం పట్టే రోజుల్లో బ్రిస్బేన్ నుంచి ఒక కాగితం వచ్చింది. గురువారం మీటింగు. రెండు దేశాల మధ్యనున్న జలసంధిలో తాబేళ్ళనూ సముద్రపు ఆవులనూ ఇటు మన దీవులవాళ్ళూ అటు పాపువా ఒడ్డువాళ్ళూ కలిసి ఎలా కాపాడుకోవాలన్నది సంగతి. అవతలి ఒడ్డునుంచి కూడా పెద్దలొస్తారు. కాగితం పైన, నీలం రంగు అల కింద, పెద్ద అక్షరాలతో ఒకే మాట: బోర్డర్‌లెస్.

దమారి దాన్ని చూసి కప్పు పట్టుకుని బయల్దేరింది.

బోర్డర్ అంటే తెలుసు. లెస్ అంటే కూడా తెలుసు. మాట చివర తోకలా లెస్ తగిలితే ముందున్నది లేనట్టు అని బడిలో చెప్పారు. అయితే ఆ తోక అన్నిచోట్లా ఒక్కలా ఊగదు. హోమ్‌లెస్ అంటే ఇల్లు లేనివాడు, జాలి పడాలి. కేర్‌లెస్ అంటే ఒళ్ళు దగ్గర పెట్టుకోనివాడు, తిట్టాలి. అదే ప్రైస్‌కు తగిలిస్తే ధర పలకనిది కావాలా? కాదట, వెలకట్టలేనిదట, దండం పెట్టాలి! మరి బోర్డర్‌కు తగిలిస్తే? అది జాలా, తిట్టా, దండమా?

ఇంట్లో మేబెల్ వదిన గడప మీద కూర్చుని చాప అంచు మడుస్తోంది. దమారి అన్న పోయాక ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరే.

"వదినా, బోర్డర్‌లెస్ అంటే నీకేమనిపిస్తుంది?"

"అంచు కట్టని చాప," అంది వదిన తలెత్తకుండానే. "రెండు వానలకి విడిపోయి కుక్క పడుకోడానిక్కూడా పనికిరాదు. ఎవరు నేశారు?"

"గవర్నమెంటు."

"మరి అదీ!"

పడవలు ఒడ్డెక్కే చోట సైలస్ కనిపించాడు. వరసకు తమ్ముడు. అవతలినుంచి వచ్చే పడవల్లో ఎవరున్నారు, ఏ ఊరివాళ్ళు, చేతిలో పాసుందా అని చూడటం అతని ఉద్యోగం. దమారి ఆ మాట చెప్పగానే అతను టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు.

"అంటే నా ఉద్యోగం ఊడినట్టేనా అక్కా? ఇంటికెళ్ళి చేపలు పట్టుకోనా?"

"ముందు ఈ చొక్కాకి బొత్తాలు పెట్టుకో. ఉద్యోగం సంగతి తర్వాత."

నవ్వింది గానీ దమారి లోపల వేరే చక్రం తిరుగుతోంది. అవతలి ఒడ్డు అక్కడే, కంటిముందే ఉంది. మబ్బులేని రోజున వాళ్ళ పొయ్యిపొగ కనిపిస్తుంది. ఒడ్డు వెంట ఉన్న ఊళ్ళు రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్న జాబితాలో ఉన్నాయి. ఆ ఊళ్ళవాళ్ళు పాసు చూపించి రావచ్చు, పెళ్ళికో చావుకో, చాపలు, పీతలు ఇచ్చిపుచ్చుకోడానికో. జెగాయ్‌వాళ్ళూ అలాగే వెళ్ళొచ్చు. జాబితాలో లేని ఊరైతే పాస్‌పోర్టు కావాలి, వీసా కావాలి, దేశాలు చుట్టి రావాలి. దమారి అక్క సెలా కాపురం చేసేది అవాంబ్‌లో. ఒడ్డునున్న తురేసి నుంచి నది మీద ఒక పూట ప్రయాణం. అవాంబ్ జాబితాలో లేదు. సెలా పెళ్ళినాటికి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, పడవ ఎక్కింది, వెళ్ళింది, కాగితాల్లో అక్కడి మనిషైపోయింది. తర్వాత పాసుల తనిఖీ గట్టిపడింది. పదకొండేళ్ళుగా సెలా పుట్టిన దీవిలో కాలు పెట్టలేదు. తల్లి పోయినప్పుడూ రాలేదు. అక్కచెల్లెళ్ళు ఏడాదికోసారి తురేసిలో కలుసుకుంటారు, రెండు రోజులు కూర్చుని ఏడ్చి నవ్వి ఎవరి దారిన వాళ్ళు పోతారు.

ఇంకో మూడు వారాల్లో తల్లి సమాధిరాయి తెరిచే పండగ. ఆరేళ్ళుగా కూడబెట్టుకున్న పండగ. రాయి కెయిర్న్స్ నుంచి ఓడలో వచ్చేసింది, అక్కడే ఉంటున్న తమ్ముడు ఏలియా చేయించి పంపాడు. గుడ్డలు చుట్టి గుడి వెనక సమాధి మీద నిలబెట్టారు. ఆ రోజుదాకా ఎవరూ చూడకూడదు.

గురువారం మీటింగు హాలు నిండిపోయింది. బ్రిస్బేన్ నుంచి వచ్చినావిడ పేరు మెరిన్. ఎర్రగా కమిలిన ముక్కు, మెత్తటి గొంతు, ముసలివాళ్ళకు తనే కుర్చీలు జరిపిపెట్టే మనిషి. ముందు వరసలో ఎజ్రా పెద్దయ్య, దీవికి తూర్పున నీళ్ళలో ఉన్న పగడపు దిబ్బల్లో చాలావరకు ఆయన వంశానివి. పక్క బల్ల మీద తురేసి నుంచి వచ్చిన గబేయ్, అవతలి ఊళ్ళకు పెద్ద.

మెరిన్ తెర మీద సముద్రం బొమ్మ వేసి, చేతులు చాచి అంది, ఈ నీళ్ళు బోర్డర్‌లెస్ అని.

దమారి నాలుగు రోజులుగా నలిగింది ఈ క్షణం గురించే. దీవి భాషలో హద్దుకు ఒకే మాటంటూ లేదు. తోటకు వేరు, దిబ్బకు వేరు, చాపకు వేరు. చాప మాట వాడితే వదిన నవ్వుతుంది. తోట మాట సముద్రానికి పొసగదు. చివరికి దిబ్బ మాటే పట్టుకుంది.

"ఈ సముద్రానికి హద్దు లేదంటోంది."

ఎజ్రా పెద్దయ్య కర్ర ఊతంతో లేచాడు.

"ఏమిటి లేదంది?"

"హద్దు, పెద్దయ్యా."

"ఎవరు చెప్పారామెకి? తెల్లదిబ్బ ఎవరిది? నాది. దాని పక్కన పాముదిబ్బ ఎవరిది? మా మేనమామవాళ్ళది. వాళ్ళని అడక్కుండా అక్కడ నేను ఒక్క శంఖం ముట్టుకోను. మా తాతల కాలంనుంచి ప్రతి రాయికీ మనిషున్నాడు. హద్దు లేదంటే ఎవరిదీ కాదనా? ఎవడొచ్చినా దోచుకుపోవచ్చనా?" ఆయన దమారి వైపు తిరిగాడు. "హద్దూపద్దూ లేనిది సముద్రం కాదే, నీ నోరు!"

వెనక వరసలు గొల్లుమన్నాయి. మెరిన్ కంగారుగా, "ఏమంటున్నారు? నచ్చిందా?" అని దమారి చెవిలో అడిగింది.

"నచ్చలేదు."

"ఎందుకు? నేను మంచి మాటే అన్నానే."

అందరూ ఒకేసారి మాట్లాడుతున్న ఆ గందరగోళంలో గబేయ్ తన బల్ల మీంచి జరిగి దమారి మోచెయ్యి తట్టాడు. అతని కళ్ళు మెరుస్తున్నాయి.

"అమ్మాయీ, ఇంత మాట వినడానికి ముప్పై ఏళ్ళు చూశాను. హద్దు లేదంటే, నది మీది పై ఊళ్ళవాళ్ళు కూడా ఇక రావచ్చనేగా? అవాంబ్‌వాళ్ళూ?"

దమారి నోట్లో సరైన జవాబుంది. అడిగి చెబుతానుండు, ఆవిడ తాబేళ్ళ గురించి అంటోంది. అంతే అనాలి. రెప్పపాటు పని. కానీ అవాంబ్ అన్న పేరు చెవిన పడగానే మనసు ఎటో పోయింది.

"ఆవిడ అన్నదైతే అదే," అంది.

గబేయ్ ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు.

ఆ మర్నాటినుంచి దమారి కట్ట మీద నడక రెండింతలైంది. పొద్దున నడిచింది, మధ్యాహ్నం ఎండలో నడిచింది. గబేయ్‌కి కబురు పంపితే చాలు. తురేసి పడవలు రోజూ వస్తూనే ఉన్నాయి. 'నేను తప్పు చెప్పాను' అని నాలుగు మాటలు. రేపు చెబుదాం అనుకుంది. రేపు వచ్చింది, పడవ వచ్చింది, దమారి దుకాణంలో పిండి తూకం చూస్తూ నిలబడిపోయింది. వారం తిరక్కుండానే గబేయ్ స్వయంగా పీతల బుట్టతో దిగాడు.

"మీ అక్కకి మనిషిని పంపి చెప్పించా. ఎగిరి గంతేసిందట. అమ్మ రాయికి వస్తానంది."

"అవునా," అంది దమారి. ఇంకేదో అనబోయింది. గబేయ్ అప్పటికే పీతలు లెక్కపెట్టి వదినకిస్తున్నాడు.

"ఏమే, మొహం అలా పీక్కుపోయింది?" అంది వదిన అతను వెళ్ళాక. "నీ అక్క వస్తోందంటే నవ్వాలి గదా."

"నవ్వుతున్నాగా."

"దీన్ని నవ్వంటే పీతలు కూడా ఒప్పుకోవు."

శనివారం పొద్దున దీవంతా కొబ్బరిపాల వాసన. నేలపొయ్యిల్లో తాబేలు మాంసం, అరటాకుల్లో రొట్టెలు, కర్రపెండలం ఉడుకుతున్నాయి. ఆడవాళ్ళు ఒకే రంగు గౌన్లు కుట్టించుకున్నారు. నాట్యమాడేవాళ్ళు ఈకల కిరీటాలు సరిచేసుకుంటున్నారు. దమారి ఒక పని చేతిలోకి తీసుకోవడం, సగంలో వదిలి కట్ట మీదికి పోవడం. పదిన్నరకు ఒక పడవ నది మొగ దాటి ఇటు తిరగడం చూసింది. పడవలో ఎనిమిది మంది. ముందు నిలబడ్డ ఆడమనిషి తలమీద పసుపు గుడ్డ. అంత దూరంనుంచి కూడా ఆ నిలబడే తీరు తెలిసిపోయింది.

ఆమె వెళ్ళేసరికే సైలస్ మోకాటి లోతు నీళ్ళలో నిలబడి పడవ అంచు పట్టుకుని ఉన్నాడు.

"పాసేదక్కా?"

"పాసెందుకురా తమ్ముడూ?" సెలా గొంతు ఎప్పటిలాగే పెద్దది. "హద్దు తీసేశారుగా!"

"ఎవరు తీసేశారు?"

"నన్నడుగుతావేం, మీ మీటింగులోనే గదా చెప్పింది! మా చెల్లెలే చెప్పింది, మా గబేయ్ విన్నాడు."

సైలస్ తల తిప్పి ఒడ్డున ఉన్న దమారిని చూశాడు. ఆమె నీళ్ళ వైపు చూసింది. అతనికి అర్థమైపోయింది.

"అక్కా," అన్నాడు చిన్నగా, "ఏం చేశావు?"

ఫోను చేశాడు. అవతలివాళ్ళు చెప్పేదంతా వింటూ అవునవునన్నాడు. పెట్టేసి, చెమట తుడుచుకుని, దిగడానికి వీల్లేదన్నాడు. వెనక్కి వెళ్ళాలి. పడవలో ఒక ముసలామె ఏడుపు అందుకుంది. సెలా ఏడవలేదు. మొహం మాత్రం మూసుకుపోయింది, తలుపు వేసినట్టు.

అయితే పడవ వెనక్కి వెళ్ళాలన్నా వెళ్ళలేదు. ఈ మాటల్లోనే ఆటు మొదలై నీళ్ళు తీశాయి. జెగాయ్ చుట్టూ నీళ్ళు తీయడమంటే చెప్పి తీయవు, ఒక్కసారిగా జారిపోతాయి. పడవను లోతు నీళ్ళకేసి కొంత దూరం తోసేసరికే అది బురదలో కూర్చుండిపోయింది, ఒడ్డుకు రెండొందల అడుగుల దూరంలో. మళ్ళీ నీరు లేవాలంటే సాయంత్రమే.

దమారి కొత్త గౌనుతోనే బురదలోకి దిగింది. మోకాళ్ళదాకా దిగబడుతూ, ఒక చెప్పు పోగొట్టుకుని, పడవ దగ్గరికి వెళ్ళి అంచు పట్టుకుంది.

"అక్కా, ఆవిడ అలా అనలేదు."

"మరేమంది?"

"తాబేళ్ళకి హద్దు లేదంది. నీళ్ళకి, చేపలకి. మనుషుల మాట అనలేదు. గబేయ్ అడిగాడు. నాకు తెలిసి కూడా అదేనని చెప్పాను."

సెలా తలమీది పసుపు గుడ్డ బిగించి కట్టుకుంది. "తాబేలుగా పుట్టాల్సింది నేను," అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎందుకే అలా చెప్పావు?"

"నువ్వు రావాలని."

"వచ్చాగా. ఇదిగో, బురదలో ఉన్నా. వీళ్ళందరినీ వెంటేసుకొచ్చా. ఈ ముసలావిడకి కాళ్ళు నొప్పులు, అయినా మా అమ్మకోసం వచ్చింది. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఊరంతా వచ్చి పంపించారే నన్ను. రేపు వాళ్ళకేం చెప్పను?"

దమారి వంగి పడవ అంచు మీద నుదురు ఆనించింది. సెలా ఆమె తల మీద చెయ్యి వెయ్యలేదు, తోసెయ్యనూ లేదు.

ఒడ్డు మీద అలికిడైంది. ఎజ్రా పెద్దయ్య కర్రతో బురదలోకి వస్తున్నాడు. సైలస్ వెనకనుంచి, "పెద్దయ్యా, పడతావు! పెద్దయ్యా!" అంటూ వస్తున్నాడు. పెద్దయ్య పడవ దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాడు.

"ఒరే సైలస్. ఈ బురద ఎవరిది?"

"గవర్నమెంటుది పెద్దయ్యా."

"మీ అయ్య పెళ్ళికి ఇక్కడ పీతలు పట్టడానికి మీ తాత ఎవర్నడిగాడు?"

సైలస్ నీళ్ళు నమిలాడు. "మీ నాన్నని."

"ఎందుకడిగాడు?"

"ఇది మీ హద్దు కాబట్టి."

"అదీ! ఆ రోజు ఆ బ్రిస్బేనమ్మ హద్దు లేదంటే నాకెందుకు ఒళ్ళు మండిందనుకున్నావు? హద్దున్నవాడే రమ్మని పిలవగలడు. ఎవరిదీ కాని చోటికి ఎవడు పిలుస్తాడు? ఇది నా హద్దు. ఈమె నా హద్దులో కూర్చుంది. మా ఊరి బిడ్డ, నాకు చుట్టం. నీళ్ళు లేచేదాకా ఈమెకి అన్నం పెట్టడం నా పని. వద్దని నీ ఫోన్లోవాళ్ళు వచ్చి చెబితే వాళ్ళకీ పెడతాను."

సైలస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "నీళ్ళు లేచేదాకానే పెద్దయ్యా. లేచాక పంపాల్సింది నేనే. నా మీదికి తేకు."

"లేచాక నీ ఇష్టం."

అలా పండగ సగం బురదలోకి దిగింది. ఆడవాళ్ళు చీలమండలకి, మోకాళ్ళకి మట్టితో అరటాకు పొట్లాలు మోసుకొచ్చారు. మేబెల్ వదిన ఒక కుండను నెత్తిన పెట్టుకుని, "పదకొండేళ్ళకి వచ్చి కూడా నాతో మోయిస్తున్నావు గదే!" అని సెలాను తిడుతూ వచ్చింది. సెలా తెచ్చిన చాపలు, సగ్గుపిండి మూటలు చేతులు మారి ఒడ్డుకు చేరాయి. ముసలామెకు ఎవరో గొడుగు పట్టారు. కానీ రాయి గుడి వెనక ఉంది. దాన్ని ఎవరూ మోసుకురాలేరు.

రెండింటికి డప్పులు మొదలయ్యాయి. దీవిలో ఉన్నవాళ్ళలో ఇంటికి పెద్దది కాబట్టి దమారి వెళ్ళక తప్పదు. బురద కాళ్ళతోనే వెళ్ళి నిలబడింది. ప్రార్థన చదివారు. పండగకని వచ్చిన తమ్ముడు ఏలియా, ఆమె కలిసి గుడ్డలు ఒక్కొక్కటీ విప్పారు. నల్లరాయి నిగనిగలాడుతూ బయటపడింది. తల్లి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. కింద 'ప్రియమైన తల్లి' అని, ఆ కింద పిల్లల పేర్లు. పోయిన అన్న పేరు. దమారి. ఏలియా. దమారి మళ్ళీ పైనుంచి చదివింది. సెలా లేదు.

"అక్క పేరేదిరా?" అంది పళ్ళ మధ్యనుంచి.

ఏలియా ఆమె వైపు చూడలేదు. "చెక్కేవాడు చోటు చాలదన్నాడు. తను ఎలాగూ రాదు గదా అని..."

డప్పులు మోగుతూనే ఉన్నాయి. జనం మెచ్చుకుంటున్నారు, ఎంత అందమైన రాయో అని.

నీళ్ళు తిరిగి రావడం మొదలయ్యాక దమారి పడవ దగ్గరికి వెళ్ళింది. సెలా అడిగింది, "ఎలా ఉంది రాయి?"

"నల్లగా ఉంది. బాగుంది."

ఒక అబద్ధం ఒప్పుకున్న రోజే ఇంకో నిజం నోట్లోనే నిలిచిపోయింది. నీరు పడవను ఎత్తింది. సైలస్ తనే నడుం లోతులో నిలబడి తోశాడు. సెలా వెనక్కి తిరిగి చూడలేదు, పసుపు గుడ్డ చిన్నదై చిన్నదై నది మొగలో కలిసిపోయింది.

రెండు నెలల తర్వాత మెరిన్ మళ్ళీ వచ్చింది. ఈసారి పెట్టెడు నీలం చొక్కాలు తెచ్చింది, వాటి మీద అదే అల, అదే మాట. పంచిపెట్టబోతే దమారి లేచి నిలబడింది.

"అమ్మా, ఈ మాటకు నేను అర్థం చెప్పను. ఒకసారి చెబితే ఎజ్రా పెద్దయ్యకి ఒళ్ళు మండింది. గబేయ్‌కి నేనే కావాలని తప్పు చెప్పాను, అందుకు ఎనిమిది మంది బురదలో కూర్చున్నారు. తప్పు నాది. కానీ మాట కూడా వదులుగా ఉంది, ఎవరు ఎటు లాగితే అటు సాగుతోంది. ఎవరికి హద్దు లేదో, ఎవరికి ఉందో మీరు ఒక్కొక్కటీ చెప్పండి. అది చెబుతాను."

మెరిన్ ముక్కు ఇంకా ఎర్రబడింది. కుర్చీ లాక్కుని దమారి ఎదురుగా కూర్చుంది. "సరే. తాబేలు," అంది.

"తాబేలుకి లేదు," అని దమారి హాలుకు చెప్పింది.

"సముద్రపు ఆవు."

"లేదు."

"కొట్టుకొచ్చే ప్లాస్టిక్కు."

"దానికీ లేదట!" నవ్వులు.

"దిబ్బలు..." మెరిన్ ఎజ్రా వైపు చూసింది. పెద్దయ్య లేచి తెర దగ్గరికి వెళ్ళి కర్రతో ఒక్కో దిబ్బనూ చూపించి యజమాని పేరు చెప్పాడు. మెరిన్ రాసుకుంది. పొద్దంతా దానికే సరిపోయింది. చివర్న గబేయ్, "పై ఊళ్ళ మనుషులు?" అన్నాడు. మెరిన్ పెన్ను కింద పెట్టింది. "వాళ్ళకు హద్దు ఉంది. మార్చమని రాస్తాను. మారుతుందని మాటివ్వలేను." దమారి ఉన్నదున్నట్టు చెప్పింది. గబేయ్ తలూపి బయటికి వెళ్ళిపోయాడు.

చొక్కాలు మాత్రం పంచేశారు. మేబెల్ వదిన తన చొక్కాని చేపలు కోసేటప్పుడు వేసుకుంటుంది.

ఆ వారం దమారికి ఒక్క పూట కూడా కుదురు లేదు. శుక్రవారం గాలి బాగాలేదని ఎవరెంత చెప్పినా వినకుండా పాసు రాయించుకుని, వదినను లాక్కుని, పడవెక్కింది. అలలు మీద పడి ఇద్దరూ ముద్దయ్యారు. "నీ కాళ్ళు నిలవకపోతే నన్నెందుకు ముంచుతావే!" అని వదిన దారిపొడుగునా అరుస్తూనే ఉంది. తురేసిలో కబురు పెట్టి రెండు రోజులు కాచుకున్నారు. సెలా వస్తుందో రాదో తెలియదు. దమారి నది ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూ ఆ ఇసుకలో దారి వేసేసింది.

మూడో రోజు మధ్యాహ్నం సెలా దిగింది. పలకరింపు లేదు. చెట్టు కింద కూర్చుని వక్క నోట్లో వేసుకుంది.

"ఏం, మళ్ళీ హద్దు తీసేశారా?"

"లేదు. రాయి సంగతి చెబుదామని వచ్చా."

"నల్లగా ఉంది, బాగుంది. చెప్పావుగా."

"అంతా చెప్పలేదు." దమారి ఫోను తీసి రాయి ఫొటో చూపించింది. సెలాకు ఇంగ్లీషు అక్షరాలు రావు. వేలు పెట్టి, "చదువు," అంది.

దమారి చదివింది. అమ్మ పేరు చదివింది, ఏళ్ళు చదివింది. ఒక్కో ఇంగ్లీషు మాటా చదివి, దీవి భాషలో చెప్పి, మళ్ళీ చదివింది. పిల్లల పేర్లు మూడూ చదివి ఆగింది.

"ఇంకా?"

"అంతే అక్కా. నీ పేరు లేదు."

వక్క నమలడం ఆగింది. నది మీద ఎవరో తెడ్డు వేస్తున్న చప్పుడు. మేబెల్ వదిన లేచి దూరంగా వెళ్ళి నిలబడింది. సెలా ఫోను తన చేతిలోకి తీసుకుని, అక్షరాలను మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది, చూస్తే తన పేరు ఎక్కడో దొరుకుతుందన్నట్టు. కన్నీళ్ళు రాలలేదు.

"ఆ రోజే తెలుసా నీకు?"

"తెలుసు."

"ఆ రోజు చెప్పి ఉంటే నేను బురదలోంచి లేచి వచ్చి ఆ ఏలియాగాడి చెవులు పిండేదాన్ని. సైలస్ కాదు కదా, వాడి బాబు కూడా ఆపగలిగేవాడు కాదు."

"అందుకే చెప్పలేదేమో."

"ఛీ, పో!" అంది సెలా, దమారి భుజం మీద గట్టిగా ఒకటి చరిచి. ఆ చెయ్యి తీయకుండా అక్కడే ఉంచింది. "కింద చోటుందా?"

దమారి ఫొటో పెద్దది చేసి చూసింది. ఏలియా పేరు కింద నాలుగు వేళ్ళ మేర నల్లరాయి ఖాళీగా ఉంది.

"ఉంది."

"చెక్కించు. నేను పెద్దదాన్ని, పేరు పైన ఉండాలి. పైన చోటు లేదు కాబట్టి కిందనే పెట్టు, కానీ పెద్దక్షరాలతో."

"సరే."

"ఏలియా డబ్బులతో."

"సరే అన్నాగా!"

గాలి మళ్ళీ లేచింది. ఆ సాయంత్రం తిరుగు పడవ లేదని గబేయ్ మనిషి వచ్చి చెప్పాడు, రేపూ అనుమానమే అన్నాడు. దమారి లేవబోయింది, ఒడ్డుదాకా వెళ్ళి అలలు చూసొద్దామని. సెలా ఆమె గౌను పట్టుకుని కిందకు లాగి కూర్చోబెట్టింది, ఇంకో వక్క తీసి చీల్చింది.